మంత్రిగారి కాళ్ల కింద చెక్క

ఆషాఢ శుద్ధ దశమి పొద్దున్న, నాగుల రేవులో కుందేలు రత్తమ్మ కాలు విరిగింది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ తర్వాత వారం రోజులపాటు ప్రభుత్వంలో ఒక్కరూ దీన్ని ఉన్నదున్నట్టు చెప్పలేదు.

ఏరు దాటించే బల్లకట్టు మీద జరిగిందది. తలకో జొన్నకంకి పుచ్చుకుని మరీ ఎక్కిస్తారు. సగం దూరం వెళ్లేసరికి పుచ్చిన చెక్క విరిగి, రత్తమ్మ వెనక కాలు కన్నంలో దిగబడింది. వెనక్కి తెచ్చి దించితే, కట్టు కట్టించుకుని ఇవతలి ఒడ్డునే ఉండిపోయింది. పిల్లలు నలుగురూ అవతలి ఒడ్డున, పొరుగింటి ఉడుత పంచన. మళ్లీ ఆ బల్లకట్టు ఎక్కాలంటే ఆమెకి గుండె జారిపోతోంది. ఏరేమో రోజురోజుకీ పొంగుతోంది.

"ఇవాళ కాలు పోయింది. వరదొస్తే మనుషులే పోతారు... మనుషులంటే మనమేలే," అంది మేక నూకాలు. ఆవిడ అడవి సభలో సభ్యురాలు. ఆ రోజే ప్రశ్న రాసి పంపింది.

ఆ అడవిలో రవాణా, భద్రత, వినియోగదారుల శాఖలు మూడూ నక్క గవరయ్యవే. ఒక్క తోకకి మూడు శాఖలు. జవాబులు మాత్రం ఒకటే. పోయినేడాదివే ఈ ఏడాదీ చదువుతాడు, తేదీ మార్చి.

సభకి ముందురోజే ముసురు పట్టింది. సభ జరిగే బండ చుట్టూ మోకాలిలోతు బురద.

"నేను బురదలో నిలబడి జవాబు చెప్పాలా? చెక్కలు వేయించండి!" అన్నాడు గవరయ్య. మంత్రి చెక్క మీదే నిలబడి మాట్లాడాలన్నది అక్కడి ఆనవాయితీ. పాత చెక్కకి చెదపట్టింది.

"అయ్యో, మీరు కాలు కింద పెట్టడమేమిటి! నేను వేయిస్తానుగా," అంది నూకాలు.

మర్నాడు పొద్దున్నే బల్లకట్టు లాగే దున్న సింహాచలం సాయం పట్టాడు. రెండు రాళ్ల మీద చెక్కలు ఎత్తుగా పేర్చి, పైన మెత్తగా పచ్చగడ్డి పరిచారు. గవరయ్య ఎక్కి, తోక సర్దుకుని మురిసిపోయాడు. ఎక్కడి చెక్కలని మాత్రం అడగలేదు. అడగడం మంత్రుల పని కాదుగా.

అధ్యక్షురాలు ఏనుగు పెద్దమ్మ తొండమెత్తింది. "నాలుగో ప్రశ్న. అడుగమ్మా నూకాలూ."

"అధ్యక్షా, నాగుల రేవు బల్లకట్టు పుచ్చిపోయిన మాట వాస్తవమేనా? అయితే ప్రభుత్వం ఏం చేసింది?"

గవరయ్య కాగితం చదివాడు. "అ: కాదండి. ఆ: ప్రశ్న ఉత్పన్నం కాదు."

"అనుబంధ ప్రశ్న అధ్యక్షా. మరి రత్తమ్మ కాలెలా విరిగింది?"

"కుందేళ్లు గెంతుతాయి అధ్యక్షా, అది వాళ్ల జాతి లక్షణం. గెంతరాదని రేవులో బోర్డు పెట్టాం. సదరు ప్రయాణికురాలు చదవలేదు."

వెనక వరసలోంచి రత్తమ్మ కుంటుతూ లేచింది. "ఆ బోర్డు నీళ్లలో మునిగుంది బాబూ. చదవడానికి నేనేమన్నా చేపనా?"

సభ గొల్లుమంది. గవరయ్య గొంతు సవరించుకున్నాడు. "బోర్డు విషయం పరిశీలనలో ఉంది."

"పోనీ, బల్లకట్టునైనా ఎవరైనా పరిశీలించారా?" నూకాలు వదల్లేదు.

"ఎవరైనా ఏమిటమ్మా, నేనే! ఇవాళ సూర్యోదయానికి స్వయంగా వెళ్లి, నాలుగు కాళ్లతో నడిచి చూశాను. ఉక్కులా ఉంది."

"ఇవాళేనా?"

"ఇవాళే."

"నీళ్లలోనే ఉందా?"

"బల్లకట్టు నీళ్లలో కాక చింతచెట్టు మీదుంటుందా? ఆరుగురిని ఎక్కించుకుని హాయిగా తేలుతోంది. ఈ కళ్లతో చూశాను!"

"రికార్డు చేయించండి అధ్యక్షా," అంది నూకాలు చల్లగా.

వడ్రంగిపిట్ట మద్దిచెట్టు మీద టకటకా చెక్కేసింది. అక్కడ చెక్కిన మాటని మంత్రి కూడా వెనక్కి తీసుకోలేడు.

"సింహాచలం అన్నా, ఇవాళ ఎన్నిసార్లు లాగావు?"

"ఒక్కసారీ లేదు చెల్లెమ్మా. తెలతెలవారుతుండగానే మనిద్దరం దాన్ని ఒడ్డుకి లాగి, విప్పేశాంగా. ఆ తాళ్లు ఇంకా నా మెడకే ఉన్నాయి."

"మరి చెక్కలో?"

సింహాచలం మూతి చాచి మంత్రిగారి కాళ్ల కింద గడ్డిని పక్కకి లాగాడు. గవరయ్య కిందికి చూశాడు. సభంతా చూసింది.

"కుట్ర! ఇది ప్రతిపక్షాల కుట్ర! అయినా ఆ చెక్కలే అయితే ఏమిటట? ఎంత గట్టిగా ఉన్నాయో చూడండి!" అంటూ గవరయ్య ఎగిరి రెండు కాళ్లతో దభీమని తొక్కాడు.

ఫెళ్‌మంది. వెనక కాలు తొడదాకా దిగబడింది.

రత్తమ్మ కట్టుకాలు ఈడ్చుకుంటూ దగ్గరికొచ్చింది. "గెంతకూడదు బాబూ. బోర్డు చూసుకోలేదా?"

"బయటికి లాగండర్రా!" గవరయ్య ఊళ వేశాడు. "కొత్త బల్లకట్టు వేయిస్తాను, హామీ ఇస్తున్నాను!"

"ఎప్పటికి?" అంది పెద్దమ్మ.

"త్వరలో!"

"త్వరలో అనే తిథి నేను చూసిన ఏ పంచాంగంలోనూ లేదు," అంది నూకాలు. "అన్నా, అప్పుడే లాగకు."

కాలు కన్నంలో ఉన్నంతసేపే మంత్రి నోట తేదీలు పలుకుతాయి. గవరయ్య తిథితో సహా పలికాడు. పలికిన నాటికి వేయించాడు కూడా. ఆ రోజు మధ్యాహ్నానికల్లా రత్తమ్మ పిల్లల్ని చేరుకుంది.

భద్రంగా ఉందని చెప్పే మంత్రిని ముందు దాని మీదెక్కించి, ఆ తర్వాతే ప్రశ్న అడగాలి.

మద్దిచెట్టు మీద వడ్రంగిపిట్ట చెక్కిన ఆఖరి వరస ఇది: నాగుల రేవు, కొత్త బల్లకట్టు, మొదట ఎక్కి దాటినవాడు మంత్రి గవరయ్య, శ్రావణ శుద్ధ పంచమి.