సూర్యుణ్ణి వెనక్కి తిప్పిన రేగుచెట్టు

ఒకప్పుడు రేగుచెట్టు కూడా మామిడిలాగే ఎండలు ముదిరాకే పండేది. చలికాలమంతా చిట్టి చిట్టి పచ్చికాయలతో ఊరికే నిలబడేది.

ఆ రోజుల్లో కొండ కింద ఓబులమ్మ అనే ముసలావిడ మేకలు కాసుకుంటూ ఉండేది. ఆమె కూతురికి కొత్తగా ఆడపిల్ల పుట్టింది. నాంచారి అని పేరు పెట్టుకున్నారు.

ఆ ఏడు సూర్యుడు ఎప్పటిలాగే దక్షిణానికి నడిచాడు. నడుస్తూ నడుస్తూ, వెనక్కి తిరగాలన్న సంగతే మరిచిపోయాడు. పగలు రోజురోజుకీ కురచైపోయింది. మేకలు నాలుగు ఆకులు కొరికేలోపే పొద్దు గూకేది. మంచు గుడిసెల్లోకి కూడా వచ్చి కూర్చుంది. నాంచారి ఒళ్ళు చల్లబడి, పాలు తాగడం మానేసింది.

ఓబులమ్మ ఇక ఆగలేకపోయింది. పిల్లను చూస్తేనైనా సూర్యుడు తిరిగొస్తాడని, నాంచారిని గొంగట్లో చుట్టి గుండెకు కట్టుకుంది. కూతురు వద్దంటున్నా వినకుండా గబగబా కొండెక్కింది. మేకలన్నీ వెంటబడ్డాయి.

పైనుంచి చూస్తే సూర్యుడు ఎక్కడో దూరంగా, ఆరిపోయే దీపంలా ఉన్నాడు. ఎంత పిలిచినా పలకలేదు. ఓబులమ్మ కాకిని వెళ్ళి చెప్పి రమ్మంది. రెక్కలు తడిసిపోయాయి, ఎగరలేనంది కాకి. గాలిని బతిమాలింది. నేను ఎదురొస్తే ఆయన ఇంకా దూరం పోతాడంది గాలి.

అప్పుడు పక్కనున్న రేగుచెట్టు మాట్లాడింది.

"అవ్వా, ఆయనకు వినపడదు. కానీ ఆయన రంగు ఇక్కడ మెరిసిందంటే తప్పకుండా తిరిగి చూస్తాడు."

ఓబులమ్మ చుట్టూ చూసింది. ఎటు చూసినా తెలుపే. మామిడిని అడిగితే, పండడానికి ఇంకా నాలుగు నెలలు పడుతుందని చెప్పింది. ఓబులమ్మ నాంచారి బుగ్గ తాకి చూసింది. అంతకాలం ఆగే బుగ్గ కాదది.

"పోనీ నువ్వు పండగలవా తల్లీ?" అని రేగుచెట్టునే అడిగింది.

రేగుచెట్టు తన పచ్చికాయల వంక చూసుకుంది. చలిలో పండాలంటే ఒంట్లోని వేడంతా కాయలకే ఇచ్చెయ్యాలి. ఆ తర్వాత తను బతుకుతుందో లేదో దానికే తెలియదు.

"మేకలను నా వేళ్ళ మీద పడుకోబెట్టు," అంది చివరికి.

మేకలు చెట్టు చుట్టూ ఒత్తుకుని పడుకున్నాయి. చెట్టు తన ఆకుల్ని గొడుగుల్లా తిప్పి కాయల్ని కప్పుకుంది. మంచు రయ్యిమని వచ్చి ఆకుల వీపున పడింది. ఆకులు వణికాయే గాని జరగలేదు.

లోపల ఒక కాయ పసుపెక్కింది. దాని పక్కది నారింజైంది. మరోటి ఎర్రబడింది. చూస్తుండగానే కొమ్మ కొమ్మంతా అంటుకున్నట్టయింది.

ఓబులమ్మ ఒక్క ఉదుటున లేచి కొమ్మ ఊపింది. పళ్ళు జలజలా రాలి నాంచారి తల మీదా గొంగడి మీదా పడ్డాయి. ఆ తెల్లటి మంచులో నిప్పుకణికల్లా వెలిగాయి.

దూరాన సూర్యుడు ఆగాడు. వెనక్కి తిరిగాడు. ఇన్ని చిన్న సూర్యుళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారా అని ఒక్కో అడుగే దగ్గరికొచ్చాడు. పళ్ళ మధ్యలో పసిపిల్ల కనిపించింది.

"ఈ బిడ్డ కోసమా?" అన్నాడు.

"అవును నాయనా. ఇంకెప్పుడూ దారి మరిచిపోకు," అంది ఓబులమ్మ.

సూర్యుడు సిగ్గుపడి, వెచ్చటి చెయ్యి చాచి పిల్ల తల నిమిరాడు. నాంచారి కళ్ళు తెరిచింది. కాళ్ళు తన్ని, ఆకలికి కేరుమని ఏడ్చింది. కొండ కిందికి ఆ ఏడుపు వినపడి తల్లి పైకి పరిగెత్తుకొచ్చింది.

రేగుచెట్టు బెరడు పగిలింది గాని, బతికింది. ఏటా ఈ రోజుల్లోనే పండి తనకు గుర్తుచెయ్యమని సూర్యుడు దాన్ని వేడుకున్నాడు.

అప్పటినుంచే రేగుచెట్టు గడగడలాడే చలిలో పండుతోంది. దాని ఆకు వెనకవైపు తెల్లటి నూగు ఉంటుంది, కావాలంటే తిప్పి చూడండి. అది ఆనాటి మంచే. సూర్యుడు ఉత్తరానికి తిరిగే ముందు, భోగినాడు, పిల్లల తలల మీద రేగుపళ్ళు పోస్తున్నదీ అప్పటినుంచే.