నాంచారమ్మ ఊదించిన గాజు కూజా

అనగనగా ఒక ఊరర్రా. ఆ ఊళ్ళో గాజు ఊదేవాళ్ళ వీధి ఒకటి. ఆ వీధికి పెద్ద ఎర్రప్ప. ఎర్రప్పకో కోడలు, నాంచారమ్మ. కుమ్మరోళ్ళ ఆడపడుచు. మట్టి పిసికిన చేతులు కదా, కుండ కనిపిస్తే చాలు, పొట్ట ఎలా తిరిగింది, మెడ ఎక్కడ సన్నబడింది అని తడిమి చూసుకునేది. నాకూ ఉందిలే ఆ జబ్బు. నన్ను బజారుకి తీసుకెళ్ళాలంటే మీ తాతయ్య జంకేవారు.

ఇలా ఉండగా ఎక్కడినుంచో ఓ వర్తకుడొచ్చి రాజుగారికి ఓ గాజు కూజా ఇచ్చాడు. దాని నిండా రాళ్ళూ, రంగులూ, బంగారు పూతానూ. రాజుగారు మురిసిపోయి ఎర్రప్పని పిలిపించాడు. పక్షం రోజుల్లో దీన్ని మించింది తెస్తే సరి, లేకపోతే మీ బట్టీలన్నీ ఆర్పించి అక్కడ గుర్రపుశాల కట్టిస్తానన్నాడు. నలభై గడపలర్రా! అందరూ ఎక్కడికి పోతారు?

ఊ కొడుతున్నారా?

ఎర్రప్ప ఇంటికొచ్చి కూజా ఊదాడు. కూజా మీద పూసలు అతికించాడు, పూసల మీద అద్దాలు, అద్దాల మీద రేకులు, రేకుల మీద చిలకలు. చివరికి అది గాజో, మట్టో, ఇత్తడో తెలీకుండా పోయింది. ఎలా ఉందమ్మా అని కోడల్ని అడిగాడు. పెద్దాయనతో ఎలా చెప్పడం? తలొంచుకుని, గాజెక్కడుందో కనపడ్డం లేదు మావయ్యా అంది. ఆయన అలిగి ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు తనే వచ్చి, ఏం చేద్దామో నువ్వే చెప్పమన్నాడు.

నాంచారమ్మ మూడు రోజులు బట్టీ దగ్గరే కూర్చుంది. ఊదే గొట్టం చివర కరిగిన గాజు బెల్లం పాకంలా సాగి, కిందికి జారి, చుక్కలా నిండుగా ఉబ్బేది. మావగారు వెంటనే పటకారుతో నొక్కి సరిచేసేవాడు. ఆవిడ ప్రాణం ఉసూరుమనేది. నాలుగో రోజున, మావయ్యా, ఈసారి పటకారు పక్కన పెట్టండి అని బతిమాలింది. పెట్టాడు. మెల్లిగా ఊదాడు. గాజు జారింది, జారి జారి ఓ చోట ఆగింది. ఆయన చెయ్యి ఊరుకోలేక పటకారుకేసి పోబోయింది గాని, కూజా నిలబడ్డానికి అడుగు మాత్రం కాస్త చదును చేసి వదిలేశాడు.

బూడిదలో పెట్టి చల్లార్చి, ఇద్దరూ దాన్ని సభకి తీసుకెళ్ళారు. బోసిగా ఉందని సభంతా నవ్వింది. రాజుగారు మొహం చిట్లించాడు.  అయినా నాంచారమ్మ కూజాలో నీళ్ళు పోసి, ఎండ పడే కిటికీలో పెట్టింది. వెలుగు కూజాలోంచి దిగి నేలమీద అలలు అలలుగా ఆడింది. నవ్వులు ఆగిపోయాయి. రాజుగారు సింహాసనం దిగొచ్చి కూజాని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. పొట్ట చేతుల్లో అమరిపోయింది. ఎంతసేపటికీ కింద పెట్టడే!

"ఈ ఒంపు ఎవరు గీశారమ్మా?" అన్నాడు.

"ఎవరూ గీయలేదు మహారాజా. కరిగిన గాజు కిందికి జారుతూ తనే తీసుకుంది. మేం అడ్డు రాలేదు."

ఎర్రప్ప కోడలికేసి చూసి కళ్ళు తుడుచుకున్నాడు. గుర్రాలకి వేరే చోటు చూశారు, నలభై గడపలూ చల్లగా ఉన్నాయి. వర్తకుడి కూజాలో రాణిగారు చింతపండు దాచుకుంది. లోపలేముందో బయటికి కనపడదుగా, దానికి భేషుగ్గా పనికొచ్చింది.

అంచేత ఏ వస్తువునైనా ముందు అది దేనితో చేసిందో చూడాలి, తళుకులు తర్వాత చూసుకోవచ్చు. కథ దాని దోవన అది పోయింది, మనం దుప్పట్లోకి దూరదాం.