టోపీ లోపలి ముడి

మూడు రోజులుగా మౌలాలికి అన్నం సయించడం లేదు. కారణం అతని నెత్తి మీదే ఉంది. తెల్లగుడ్డ టోపీ, అంచు చుట్టూ ఆకుపచ్చ దారం, ముందువైపు ఏడు చిన్న కుట్లు. ఆ టోపీ అతనికి ఎవరూ ఇవ్వలేదు. తనే కుట్టుకున్నాడు.

ఆదోనిలో పరుపులు కుట్టే లాలుసాబు తాత దగ్గర అలాంటి టోపీలు పెట్టుకునేవాళ్ళు పదిహేను మంది దాకా ఉన్నారు. తాత పగలంతా దూది ఏకుతాడు. గురువారం సాయంత్రం అంగడి వెనక గదిలో దీపం పెట్టి, ఊదు వేసి కూర్చుంటాడు. వచ్చినవాళ్ళు చుట్టూ కూర్చుంటారు. కొన్నేళ్ళు అట్లా వస్తూ పోతూ ఉంటే, ఏదో ఒక రోజు తాత పక్కకు పిలిచి ఒక టోపీ చేతిలో పెడతాడు. ఎప్పుడిస్తాడో ఆయనకే తెలియాలి. ఇచ్చాడని చాటింపు ఉండదు, ఎప్పుడిచ్చాడని ఎవరూ అడగరు.

మౌలాలి ఐదేళ్ళుగా వస్తున్నాడు. తాత పిలవలేదు. గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చుని కూర్చుని అతనికి ప్రాణం విసిగింది. తన తర్వాత వచ్చినవాళ్ళు కూడా టోపీ పెట్టుకుని తన కాళ్ళు దాటుకుంటూ ముందుకు పోతున్నారు.

టోపీ కుట్టుకోవడం మౌలాలికి ఒక లెక్క కాదు. అతని బతుకే అచ్చు దించడం. బజారు వెనక సందులో ఎంబ్రాయిడరీ మిషను పెట్టుకుని, పేరుమోసిన కంపెనీల గుర్తులు మామూలు చొక్కాల మీద కుట్టిస్తాడు. కుట్టమని ఆ కంపెనీలు అతనికి చెప్పలేదు. అసలు అతనొకడు ఉన్నాడని కూడా వాళ్ళకు తెలియదు. ఫోటో ఒకటి చూపిస్తే చాలు, మధ్యాహ్నానికల్లా గుర్తు సిద్ధం. అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ గుర్తును.

కుడతాడే గాని, అవి వేసుకునేవాళ్ళంటే మౌలాలికి చులకన. పోయినేడు ఓబులేసు ఉతికిన పాత చొక్కా ఒకటి తెచ్చి, దాని మీద కొంగను కుట్టమన్నాడు. ఓబులేసు పరుపుల బండి తోసే మనిషి.

"బండి తోసేవానికి కొంగెందుకప్పా? డూప్లికేటు పిట్ట పెట్టుకుంటే దొరవైపోతావా?" అని మౌలాలి నలుగురి ముందర నవ్వాడు.

నవ్వుతూనే కుట్టాడు. ఆ పరాకులో బొమ్మ తిరగబడింది. అసలు కంపెనీ కొంగ కుడివైపు చూస్తుంది, ఇది ఎడమవైపు చూస్తోంది. ఓబులేసుకు ఇది చాల్లే అని అట్లాగే ఇచ్చేశాడు.

అట్లాంటి మౌలాలి ఆరు వారాల కిందట టోపీ కుట్టుకుని తాత గదిలోకి అడుగుపెట్టాడు. ముందు వరసలోవాళ్ళు జరిగి చోటిచ్చారు. తాత ఒకసారి చూశాడు, ఏమీ అనలేదు. ఆ ఒక్క సాయంత్రం మౌలాలికి భలే సంతోషంగా ఉండింది. తర్వాతి వారం నుంచి తాత చూపు ఇటు తిరిగితే చాలు, నెత్తి మీద కుంపటి పెట్టినట్టు ఉండేది.

ఇక మూడు రోజుల కిందట, అందరిలోకీ పెద్దవాడు హుసేనప్ప అతన్ని పిలిచి చెప్పాడు.

"శనివారం గంధం పండగ కదప్పా. టోపీ ఉతికి పెట్టుకో. బయటోళ్ళు పోయినాక తాత అందరివీ ముందరేసుకుని పాత ముడి తీసి కొత్తది వేస్తాడు."

'ఏం ముడి?' అని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"నీదీ ఇయ్యన్నా, ఉతికి తెస్తా" అని మౌలాలి హుసేనప్ప టోపీ తీసుకుపోయి, ఇంట్లో తిరగేసి చూశాడు. లోపల, నడినెత్తి ఆనే చోట, ఒక చిన్న ముడి. తెల్లగుడ్డ మీద తెల్లదారం. చూసేవాళ్ళ కోసం వేసింది కాదు. పెట్టుకున్నవాడికి మాత్రం తగులుతుంది.

మౌలాలి తల పట్టుకున్నాడు. బయట కనిపించేదంతా కుట్టు తప్పకుండా దించాడు గాని, లోపల ఏముందో చూసుకోలేదు. తన పనిలో ఆ అలవాటే లేదు. ఫోటోలో లోపలివైపు ఎందుకు కనిపిస్తుంది?

సరే, ఇప్పుడైనా వేసేద్దామని సూదిలో తెల్లదారం ఎక్కించాడు. సూది గుడ్డ దాకా పోయి ఆగింది. మళ్ళీ పోయింది, మళ్ళీ ఆగింది. ఆ ముడి తన చేతులతో తను వేసుకోలేనని అతనికి అప్పుడు అర్థమైంది. సూది పక్కన పడేసి కూర్చున్నాడు.

శుక్రవారం పొద్దున్నే అంగడికి పోయాడు. తాత విల్లు పట్టుకుని దూది ఏకుతున్నాడు, గడ్డం నిండా దూది పోగులు. మౌలాలి టోపీ తీసి ఆయన ముందర పెట్టాడు.

"తాతా, ఇది నువ్విచ్చింది కాదు."

"నేనిచ్చింటే నాకు తెలీదా?"

"నేనే కుట్టుకున్నా."

తాత టోపీ అందుకుని అంచు చూశాడు. "బాగా కుట్టినావు. నాకన్నా నున్నగా వచ్చింది."

"లోపల ముడి లేదు తాతా."

"ఎట్లుంటాది?"

"రేపు అందరి ముందర నన్ను బయటికి పంపొద్దు తాతా. పొమ్మంటే ఈ పొద్దే పోతా." అన్నాడే గాని, పోతే ఎక్కడికి పోవాలో అతనికి తెలియదు. వారమంతా మిషను మోత వినే మనిషికి మనసు కుదుటపడే చోటు ఆ గది ఒక్కటే.

తాత ఏదో అనేలోపు ఓబులేసు పరుపు తీసుకుపోవడానికి వచ్చాడు. ఒంటి మీద అదే చొక్కా. ఎడమ రొమ్ము మీద కొంగ, ఎడమవైపు చూస్తూ. మౌలాలి మొగం పక్కకు తిప్పుకున్నాడు.

తాత విల్లు కింద పెట్టాడు. "ఓబులేసూ, ఆ పిట్టను ఎందుకు పెట్టించుకున్నావప్పా?"

ఓబులేసు మౌలాలిని చూసి కొంచెం సిగ్గుపడ్డాడు. "మా పాప కర్నూల్లో హాస్టల్లో చదువుతాంది కదా తాతా. చూడను పోతే వాచ్‌మన్ గేటు దాటనిచ్చేవాడు కాదు. బయటే నిలబడు, పిలుస్తా అనేవాడు. తక్కిన పిల్లోళ్ళ నాయనలు లోపల నీడలో కుర్చీలేసుకుని కూర్చుండేవాళ్ళు. నేను ఎండలో నిలబడి ఊచల్లోనుంచి మాట్లాడేవాణ్ణి. వాళ్ళ చొక్కాల మీద ఈ పిట్ట ఉండేది."

"పెట్టుకుని పోతే ఏమన్నాడు?"

"రా సారూ, కూర్చో అన్నాడు." ఓబులేసు నవ్వాడు. "పాప వచ్చి నా పక్కన కూర్చునింది తాతా. ఊచల అవతల కాదు, పక్కన. నేను తీసుకుపోయిన ఉడకేసిన శెనక్కాయ బుడ్డలు అక్కడే కూర్చుని తినింది."

"డూప్లికేటు అని తెలీలేదా?"

"వానికి తెలీలేదు. పాపకు తెలిసింది. ఇది ఇట్ల చూడదు నాయనా, అట్ల చూస్తాది అనింది. అనేసి ఒక బుడ్డ వొలిచి నా నోట్లో పెట్టింది."

మౌలాలి తల ఎత్తలేదు.

"మరి ఇప్పుడు బరువులు మోసేదానికి వేసుకున్నావే. హాస్టలుకు ఏం వేసుకుని పోతావు?"

"చేతికి దొరికింది. వాడు నా మొగం గుర్తుపట్టినాడు కదా తాతా, ఇంగ పిట్టెందుకు?" అని ఓబులేసు పరుపు నెత్తికెత్తుకున్నాడు. పోతూ పోతూ మౌలాలి ముందర ఆగాడు. "అన్నా, నీ పుణ్యమా అని ఆ పొద్దు ఎండలో నిలబడలేదు" అని బండి దగ్గరికి పోయాడు.

బండి చక్రాల చప్పుడు సందు మలుపు తిరిగింది.

"ఆయప్పను చూసి నవ్వినా తాతా" అన్నాడు మౌలాలి. "తిరగబడిందని తెలిసి కూడా ఇచ్చినా."

"ఆ కంపెనీవాళ్ళు నీకు చెప్పినారా, మా పిట్టను కుట్టమని?"

"లేదు."

"వాళ్ళొస్తే వాళ్ళకు నువ్వే చెప్పుకో. దాంట్లో నన్ను ఇరికించొద్దు." తాత గడ్డంలో దూది దులుపుకున్నాడు. "టోపీ సంగతి మాత్రం నాది."

అని తన టోపీ తీశాడు. తాత నెత్తిని మౌలాలి చూడటం అదే మొదటిసారి. నాలుగు తెల్లవెంట్రుకలు తప్ప ఏమీ లేవు. తాత ఆ టోపీని తిరగేసి మౌలాలి ఒళ్ళో పెట్టాడు.

మౌలాలి వేలితో తడిమాడు. వెలుతురులోకి జరిగి మళ్ళీ తడిమాడు. లోపల ముడి లేదు.

"మా గురువు నాకు ఇయ్యకముందే పోయినాడు" అన్నాడు తాత. "ఆయన పోయినాక వచ్చిన మొదటి బేస్తవారం దీపం పెట్టేవాళ్ళు లేరు. ఉత్త నెత్తితో నేను పెడితే నా ముందర ఎవరు కూర్చుంటారు? పరుపుగుడ్డ ముక్క మిగిలింటే కుట్టుకున్నా. నలభై ఏండ్లాయె."

"ఎవరూ తిరగేసి చూడలేదా తాతా?"

"అందరివీ తిరగేసేవాణ్ణి నేనే కదప్పా."

మౌలాలికి నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మూడు రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఎక్కడో ఆకలి కూడా వేసింది.

తాత తెల్లదారం తెంచి సూదిలో ఎక్కించబోయాడు. చూపు ఆనలేదు. మౌలాలి ఎక్కించి ఇచ్చాడు. తాత మౌలాలి టోపీ తిరగేసి, నడినెత్తి దగ్గర ముడి వేసి, పంటితో దారం కొరికాడు. తర్వాత సూదిని మౌలాలి చేతికిచ్చి, ఒళ్ళో ఉన్న తన టోపీ వైపు గడ్డంతో చూపించాడు.

"నేనా?"

"వెయ్యప్పా. రేపు గంధం."

"నేనేస్తే చెల్లుతాదా తాతా?"

"చెల్లుతాది. మెల్లగా వెయ్యి."

ఈసారి సూది ఆగలేదు. మౌలాలి దారం బిగించి, పంటితో కొరికి, టోపీని రెండు చేతులతో ఇచ్చాడు. తాత పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నడినెత్తి మీద అరచేత్తో ఒకసారి అదుముకున్నాడు.

"తగుల్తాంది" అన్నాడు.