ఆరాలమ్మ ఆరగించిన ముడిబియ్యపు అన్నం

అడగందే అమ్మైనా అన్నం పెట్టదని లోకంలో సామెత. మా గుండ్లకోనలో మాత్రం, తాను అడగందే అమ్మ అన్నం ముట్టదు. కొండవాలున ఎర్రరాతి చప్టా మీద ఉన్న చిన్న గుడిలో ఆరాలమ్మ తల్లి కొలువై ఉంది. లోకంలోని దేవతలు కుడిచేత్తో అభయమిస్తూ కనిపిస్తారు. ఈ తల్లి కుడిచేయి చెవి వెనుక ఆనించి ఉంటుంది. కొత్తగా వచ్చినవారు అమ్మకు చెవిపోటేమోనని జాలిపడటం కూడా కద్దు. ఆ చేయి అలా నిలవడానికి కారణం చౌడక్క అనే తల్లి.

పూర్వం ఇక్కడ అమ్మను కోనమ్మ అని పిలిచేవారు. కొండకింది పల్లెలో చౌడక్క, ఓబన్న దంపతులు పాడికీ పంటకూ కొదవ లేకుండా బతికేవారు. లేక లేక పుట్టిన కూతురు గంగులును చౌడక్క కింద పెడితే చీమలు కుడతాయని, నెత్తిన పెడితే పేలు కొరుకుతాయని పెంచింది. ఒక ఏడు ఆ బిడ్డకు విషజ్వరం తగిలింది. "జ్వరం తగ్గితే దినమూ నీకు మల్లెపూవంటి తెల్లబియ్యంతో పరమాన్నం పెడతాను. నా బిడ్డ నీ ప్రసాదం తప్ప మరొకటి తినదు" అని చౌడక్క మొక్కుకుంది. జ్వరం తగ్గింది. మొక్కూ మొదలైంది.

కొన్నాళ్లు గడిచేసరికి గంగులు పాదాలు వాచాయి, కాళ్లలో సత్తువ పోయింది. గోడ పట్టుకుని నడిచే పిల్ల చివరకు మంచం దిగలేకపోయింది. నైవేద్యంలో ఏదో లోపం జరిగిందని చౌడక్క భయపడింది. బియ్యాన్ని ఇంకా దంపించింది. ముత్యాల్లా మెరిసేదాకా చెరిగించింది. పాలు ఇంకా చిక్కగా మరిగించింది. భక్తిలో ఆమెను తప్పు పట్టడానికి లేదు, కానీ నైవేద్యం తెల్లబడిన కొద్దీ బిడ్డ కూడా తెల్లబడుతూ వచ్చింది.

ఒక మధ్యాహ్నం బిడ్డను ఒళ్లో వేసుకుని గుడి స్తంభానికి ఆనుకున్న చౌడక్కకు కన్ను మూతపడింది. కలలో కోనమ్మ కనిపించింది. నోరు ఎండి, డొక్క లోపలికి పోయి ఉంది. దినమూ పరమాన్నం పెడుతున్న దేవతను అలా చూసి చౌడక్క దగ్గరకు పరుగెత్తింది.

"నువ్వు తెచ్చిన కూడు యాడిదే?" అని అడిగింది అమ్మ.

"మా ఇంట్లోదే తల్లీ."

"ఇంట్లో కూడు మొలుస్తాదా? యాడ పండింది, ఎట్ల నలిగింది, ఎవరి నోరు కొట్టి నా నోటికాడికి వచ్చింది? తెలీని కూడు నేను తినను."

మెలకువ రాగానే చౌడక్క బిడ్డను ఇంట పడుకోబెట్టి, ఏనాడూ తొంగిచూడని దంపుళ్ల సావిడికి వెళ్లింది. అక్కడ వడ్లు దంచే సుంకులమ్మ తవుడు గంపకెత్తుతోంది.

"అదంతా ఏం జేస్తావే?"

"ఎనుములకు పెడతాను అక్కా. మా పిల్లోల్లు గూడా ఇంత బెల్లం కలుపుకోని బుక్కుతారు."

సుంకులమ్మ పిల్లలు రోళ్ల మీది నుంచి దూకుతున్నారు. కొట్టంలో ఎనుములు నిగనిగలాడుతున్నాయి. సారమంతా పశువులకు పోసి పిప్పిని దేవతకూ బిడ్డకూ పెట్టానా అని చౌడక్క తల పట్టుకుంది. అక్కడినుంచి ఆవుల దొడ్డికి నడిచింది. పాలన్నీ అమ్మవారికేనని లేగను దూరంగా కట్టేయమన్నది తానే. ఆ లేగ తల్లివైపు చూస్తూ లేవబోయి, ముందుకాళ్లు వణికి, మళ్లీ కూలబడింది. గంగులు పడటం అచ్చంగా అలాగే ఉంటుంది. చౌడక్క దాని మెడ కౌగిలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత తాడు విప్పింది.

"మొక్కు తప్పితే బిడ్డ దక్కదే" అని ఓబన్న కాళ్లావేళ్లా పడ్డాడు.

"కండ్లారా చూసొచ్చినా. ఇంగ మళ్లా ఆ కూడే ఎట్ల పెట్టేది? కోపమొస్తే నన్ను గొట్టనీ అమ్మ" అంది చౌడక్క.

మరునాడు ఆమె పొట్టు మాత్రమే పోయేలా వడ్లు తానే దంచింది. ఆ ముడిబియ్యపు అన్నం, చేనిగట్టున తుంచిన ఆకుకూర పప్పు, లేగ కడుపు నిండాక మిగిలిన కాసిని పాలు తీసుకుని గుడికి వెళ్లింది. ఏ చేను, ఎవరి చెమట, ఏ ఆవు అన్నీ గడగడా చెప్పింది. చేసిన తప్పు దగ్గరకు వచ్చేసరికి గొంతు పూడుకుపోయి మాట వినపడలేదు. అప్పుడు రాతివిగ్రహం అభయహస్తాన్ని దించి చెవి వెనుక ఆనించిందని మా పెద్దల మాట. అంతా విన్నాకే అమ్మ ఆరగించింది. ఆ ప్రసాదమే గంగులుకు దినమూ తిండి అయింది. వాపు తీసింది, మోకాలు నిలబడింది. వానలు పడే వేళకు గంగులు ఆ లేగ మెడ పట్టుకుని, దానితోపాటు తడబడుతూ, కొండెక్కి వచ్చింది. వెనకాల వస్తున్న చౌడక్క పట్టుకోబోయి, ఆగి, చేతులు జోడించింది.

ఆరాలు తీసే తల్లి గనుక కోనమ్మ నాటినుంచి ఆరాలమ్మ అయింది. పెరిగి పెద్దదైన గంగులు మొదటి పూజారమ్మ. నేటికీ ఆ వంశపు ఆడపడుచే గడప దగ్గర నిలబడి "ఏం తెచ్చినావు? యాడిది? ఎవరి నోరన్నా కొట్టినావా?" అని అడుగుతుంది. చెప్పగలిగినవారి గంజి కూడా అమ్మకు మహానైవేద్యమే. ఇక్కడి ప్రసాదం తిన్న బాలింతలకు పాలు పడతాయని, పిల్లలు తొందరగా నడుస్తారని ఈ ప్రాంతపు నమ్మకం. మెరిసే కాగితపు పెట్టెల్లో మిఠాయిలు తెచ్చి, ప్రశ్న వినగానే పెట్టెను తిప్పి తిప్పి చూసే భక్తులూ ఉంటారు. పూజారమ్మ వారిని కసరదు, పొమ్మనదు.

"తెలీదా? తప్పేం లేదు నాయనా, తెలుసుకోని రా. నువ్వొచ్చేదాకా అమ్మ పస్తుంటాది" అంటుంది.