రాజావారి కారుకు వణుకు

ఒకానొక సంస్థానంలో రాజావారు కారు బ్రేకు తొక్కినప్పుడల్లా పెడల్ గడగడ వణికేది. "తమ పాదం సోకితే ఇనుమైనా వణకాల్సిందే ప్రభూ!" అన్నాడు దివాను శరభరాజు. రాజావారు మురిసిపోయి, కారు బాగుచేయించే మాటే ఎత్తలేదు.

కారు ముందు ఒక బంట్రోతు "తప్పుకోండహో" అని అరుస్తూ పరిగెత్తడం అక్కడి ఆచారం. ఆ బంట్రోతు చిట్టెన్న. కారు ఆగాల్సిన చోట ఆగక రోజూ అతని పిక్కలకు తగులుతోంది. ఏదో ఒకనాడు మీదెక్కేస్తుందని అతనికి తెలుసు. అలాగని రాజుగారి కారుకు వంక పెడితే తల దక్కదు.

"మహాప్రభో, ఇంత భక్తి ఉన్న కారు తమ పాదాన్ని గుర్తుపట్టకుండా ఉంటుందా? ఒక్కసారి దివానుగారిచేత బ్రేకు తొక్కించి చూడండి" అన్నాడు చిట్టెన్న.

దివాను కారును కొంతదూరం నడిపి బ్రేకు తొక్కాడు. పెడల్ అంతే గట్టిగా వణికింది.

రాజావారి కనుబొమలు ముడిపడ్డాయి. "ఏమయ్యా శరభరాజూ, నా కారు నీకూ భయపడుతోందే! ఎప్పటినుంచి?"

దివాను గబుక్కున దిగి, పట్టుపంచెతోనే కారు కిందికి దూరాడు.

"భయమూ లేదు, భక్తీ లేదు ప్రభూ! చక్రంలో బ్రేకు డ్రమ్ము వంకరపోయింది! ఇది ఉత్త పాడు కారు!"

"అయ్యయ్యో, దివానుగారూ! అంత మాట నేను అనగలనా!" అన్నాడు చిట్టెన్న.