పలకనోళ్ళే పరాయోళ్ళు

మూడు రాజ్యాలు ఒరుసుకునే కొండల్లో అల్లం అమ్ముకునే పోలమ్మకి సవర తెగ పిల్ల కోడలు. ఆ సీమకి కొత్తగా వచ్చిన అధికారి సంతలో చాటింపు వేయించాడు. తెలుగువాళ్ళు తప్ప అందరూ కొండ దాటి పోవాలిట.

పోలమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని ముందుకొచ్చింది. "ఎవరెవరో ఎలా ఏరుతారు బాబూ? తవఁరే పిలిచి చూడండి. పలకనోళ్ళే పరాయోళ్ళు."

సరేనని అధికారి, "అన్నాలు తిన్నారా?" అని కేకేశాడు. "తిన్నాం బాబూ" అంది సంతంతా. అనుమానమొచ్చి ఒడియా భటుడి చేత అడిగించాడు. సంతంతా ఒడియాలో పలికింది. చివరికి కోడలినే సవరలో అడగమన్నాడు. ఈసారి సంతే కాదు, పైన పోడు చేసుకునేవాళ్ళూ పలికారు. ఆ పలుకు కొండ మీంచి కొండ మీదికి పోతూ ఉంటే, అక్కడే పుట్టి పెరిగిన పోలమ్మకి కూడా ఒళ్ళు గగుర్పొడిచింది.

"పలకనివాళ్ళు ఒక్కరూ లేరే" అన్నాడు అధికారి.

"ఒకరున్నారు బాబూ. రెండు పిలుపులకి తవఁరు పలకలేదు."

అధికారి కోడలి వైపు తిరిగి మెల్లిగా అడిగాడు. "తిన్నాననడానికి మీ మాటలో ఏమంటారమ్మా?"