లెక్కపెట్టని గవ్వలు

అనగా అనగా పొన్నగిరి అనే రాజ్యం. దాన్ని మకరందవర్మ అనే రాజుగారు ఏలుతుండేవారు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతు, కత్తి తిప్పడంలో అతన్ని మించినవాడు లేడు. రెండోవాడు గజకేతు, బల్లెం విసరడంలో అతన్ని మించినవాడు లేడు. మూడోవాడు చిత్రభాను. మరి ఇతనికేం వచ్చు అంటారా? ఇతనికి ఆట వచ్చు. అంతే. అందుకే మూడోవాడి మాట ఎత్తితే చాలు, రాజుగారు మొహం చిట్లించుకునేవారు.

ఆ ఆట ఏమిటో ముందే చెబుతాను, చెవులు ఇటు పడేయండి. ఒక చాప, ఏడు గవ్వలు, నలుగురు మనుషులు. నలుగురిలో ఒకరు కథ నడుపుతారు, మిగతా ముగ్గురూ ఆ కథలో వేషాలు కడతారు. వేషమంటే మొహానికి రంగు పూసుకోవడం కాదు, ఉత్త నోటితోనే. "మీ ముందు అడవి ఉంది, అందులో ఏదో గుర్రుమంటోంది, ఏం చేస్తారు?" అని కథ నడిపే మనిషి అడిగితే, ఎవరి వంతు వాళ్లు చెప్పి గవ్వలు వేస్తారు. నాలుగో, ఆ పైనో వెల్లకిలా పడ్డాయా, అనుకున్నది జరుగుతుంది. తక్కువ పడ్డాయా, ఇక మీ ఖర్మ.

దానికి మూడు కట్టుబాట్లు. ముందు చెప్పాలి, తర్వాతే వెయ్యాలి, చెప్పింది వెనక్కి తీసుకోకూడదు. ఒకరి వంతు ఇంకొకరు చెప్పకూడదు. పడిన గవ్వల్ని కథ నడిపే మనిషి లెక్కపెట్టి ఏం జరిగిందో చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. చాప ఎక్కాక గారూ బూరూ ఏమీ లేవు, అందరూ అందరికీ నువ్వే.

కథ నడిపేది వకుళ. కోటకి చాపలు అల్లే మంగమ్మ కూతురు. ఆ పిల్ల నోరు తెరిస్తే కళ్లముందు కొండలు లేచేవి, ఏరులు పారేవి. ఆడేది వంటశాల పెద్ద పేరిందేవమ్మ, ముసలి కావలివాడు గుండప్ప, మన చిత్రభాను. నిజంలో బొద్దింకను చూసి కేకపెట్టే పేరిందేవమ్మ ఆటలో రాక్షసుల తలలు నరికేది. ముప్పై యుద్ధాలు చూసిన గుండప్ప పిరికి వైద్యుడి వేషం కట్టి గడగడ వణికేవాడు. చిత్రభాను దొంగ. "రాజు కడుపున పుట్టి దొంగ వేషమేమిట్రా!" అని రాజుగారు తల బాదుకునేవారు.

ఒకరోజు మధ్యాహ్నం ఆట మంచి పట్టులో ఉంది. ముగ్గురూ కొండగుహలోకి దిగి, ఇనుపతలుపు ముందు నిలబడ్డారు. మూడు నెలలుగా ఆడితే అక్కడికి చేరారు. పేరిందేవమ్మ పొయ్యి మీద పులుసు సంగతే మర్చిపోయింది.

"తలుపు తోస్తాను" అన్నాడు చిత్రభాను. గవ్వలు గుప్పిట్లో గలగలలాడించి వేశాడు.

గవ్వలు చాప మీద పడ్డాయో లేదో, కిటికీలోంచి నల్లటి పొగ దూరింది. పొగలోంచి ఒక పొడుగాటి చెయ్యి వచ్చింది. వకుళని ఎత్తుకుపోయింది. దగ్గుకుంటూ కళ్లు నులుముకుని చూస్తే చాప ఉంది, గవ్వలు ఉన్నాయి, వకుళ లేదు.

అది ధూమకేశుడి పని. ఏడు సముద్రాల అవతల దీవిలో ఉంటాడు, పెద్ద మాంత్రికుడు. వాడికి అన్నీ ఉన్నాయి, పొద్దుపోవడమే లేదు. పొన్నగిరిలో ఒక పిల్ల అద్భుతంగా కథలు నడుపుతుందని గాలివాటంగా విన్నాడు, వచ్చి ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు. ఏదో చిలకలో పెట్టి ఎక్కడో దాచాడు, ఎక్కడో ఎవరికీ తెలియదు. అందుకే ఎవరికీ భయపడడు.

మంగమ్మ రాజుగారి ముందు పడి ఏడ్చింది. రణకేతు కత్తి పట్టుకుని ఓడ ఎక్కాడు. దీవిలో కాలు పెట్టాడు, కత్తి దూశాడు, రాయి అయిపోయాడు. గజకేతు బల్లెం పట్టుకుని ఓడ ఎక్కాడు. దీవిలో కాలు పెట్టాడు, బల్లెం ఎత్తాడు, రాయి అయిపోయాడు. ఓడవాళ్లు తిరిగొచ్చి చెబితే రాజుగారు సింహాసనంలో కూలబడ్డారు.

"నేను వెళ్తాను" అన్నాడు చిత్రభాను.

"నువ్వా? గవ్వలాడేవాడివి, నువ్వు వెళ్లి ఏం చేస్తావు? నాకు మిగిలింది నువ్వొక్కడివే, వద్దు నాయనా!"

"చెప్పేశాను నాన్నగారూ. చెప్పింది వెనక్కి తీసుకోవడం నాకు అలవాటు లేదు. నాదొక్కటే మనవి. ఆ చాప మీద గవ్వల్ని ఎవరూ ముట్టుకోకుండా చూడండి. వకుళ వచ్చి లెక్కపెట్టాలి."

వస్తుందో రాదో అనలేదు. వచ్చి లెక్కపెట్టాలి అన్నాడు. గుండప్ప ఆ రోజునుంచి ఆ గది గుమ్మం దగ్గరే పీట వేసుకుని కూర్చున్నాడు. మంగమ్మ ఏడుస్తూనే కొత్త చాప అల్లి ఇచ్చింది. పేరిందేవమ్మ పోపులపెట్టెలోంచి ఏడు గవ్వలు తీసి కొంగుతో తుడిచి ఇచ్చింది. కత్తీ లేదు, బల్లెమూ లేదు. చంకలో చాప, మొలలో గవ్వలు, భుజాన అటుకుల మూట, నీళ్లబుర్ర, అంతే సరంజామా.

సముద్రం ఒడ్డుకి వచ్చేసరికి ఓడవాళ్లెవరూ రామన్నారు. రెండుసార్లు చూసింది చాలు బాబూ అన్నారు. ఒడ్డున ఇసుకలో పెద్ద తాబేలు ఎండ కాచుకుంటోంది. చిత్రభాను దాని ముందు చతికిలబడ్డాడు.

"తాబేలు తాతా, నేను అవతలికి వెళ్లాలి. నాకు ఈత రాదు. నువ్వేం చేస్తావో చెప్పు."

తాబేలు మెడ సాచి చూసింది. "మీ అన్నలిద్దరూ ఇటే పోయారు. ఒకడు లే అన్నాడు, ఇంకొకడు జరుగు అన్నాడు. నువ్వేం చేస్తావని నన్ను ఎవరూ అడగలేదు. ఎక్కు, మోస్తాను."

మొదటి సముద్రం దాటారు. నడిసముద్రంలో ఒక కొయ్యదుంగ, దుంగ మీద ఆకలితో నకనకలాడుతున్న గద్ద. చిత్రభాను తన మూటలో అటుకులు సగం దానికి పెట్టి అడిగాడు, "గద్దక్కా, నువ్వేం చేస్తావో చెప్పు." "వెంట వస్తాను" అంది గద్ద. రెండో సముద్రం, మూడో సముద్రం, నాలుగో సముద్రం దాటారు. ఒక తిప్ప మీద రెండు రాళ్ల మధ్య తోక ఇరుక్కున్న ఉడుము. చిత్రభాను రాయి జరిపి అడిగాడు, "ఉడుము బావా, నువ్వేం చేస్తావో చెప్పు." "నేనూ వెంట వస్తాను" అంది ఉడుము. ఐదో సముద్రంలో అటుకులు అయిపోయాయి. ఆరో సముద్రంలో మంచినీళ్లు అయిపోయాయి. ఏడో సముద్రంలో పెదాలు పగిలి రక్తం వచ్చింది. తాబేలు రెండుసార్లు అడిగింది, వెనక్కి తిరగమంటావా అని. రెండుసార్లూ అతను తల అడ్డంగా ఊపాడు.

దీవి వచ్చింది. ఒడ్డున అన్నలిద్దరూ రాళ్లై నిలబడి ఉన్నారు. చిత్రభాను వాళ్ల కాళ్లు ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు, మొహం తుడుచుకుని మేడలోకి నడిచాడు.

ధూమకేశుడు బంగారు మంచం మీద బోర్లా పడుకుని ఆవలిస్తున్నాడు. పక్కన వకుళ నోరు బిగించుకుని కూర్చుంది.

"నెల రోజులైంది! నేను గెలిచే కథ ఒకటి చెప్పమంటే చెప్పదు" అని ఫిర్యాదు చేశాడు మాంత్రికుడు, వచ్చినవాడెవడో కూడా అడగకుండా.

"గవ్వలు ఎలా పడితే కథ అలా నడుస్తుంది" అంది వకుళ. అని చిత్రభానుని చూసింది. చంకలో ఉన్న చాపని చూసింది. అది అమ్మ అల్లిక అని ఆనవాలు పట్టింది. కళ్లు తుడుచుకుని నిటారుగా కూర్చుంది.

చిత్రభాను చాప పరిచాడు. "మాంత్రికుడా, కథ వింటే ఏముంది, ఆడాలి. నాతో ఆడు. నువ్వు గెలిస్తే నేనూ రాయినై నీ ఒడ్డున నిలబడతాను. నేను గెలిస్తే మా వాళ్లందర్నీ వదిలెయ్యి."

"ఓస్, అంతేనా! అయితే నేను ఏ వేషం కట్టాలి?"

"పుట్టినప్పటినుంచీ మాంత్రికుడివేగా. నేను మాంత్రికుణ్ణవుతాను, నువ్వు రాకుమారుడివి అవ్వు. నేను నా ప్రాణం ఒకచోట దాస్తాను. ఎక్కడో వకుళ చెవిలో చెబుతాను. నీకు మూడు వంతులు. కనిపెట్టావా, గెలిచావు."

ధూమకేశుడు మంచం దిగి చాప మీదికి ఎగిరి కూర్చున్నాడు. చిత్రభాను వకుళ చెవిలో ఏదో చెప్పాడు. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. కిటికీ మీద గద్ద వాలి ఉంది, కిటికీ కింద ఉడుము నక్కి ఉంది, వాటినెవరూ చూడలేదు.

వకుళ కథ ఎత్తుకుంది. రాకుమారుడికి తెల్లటి గుర్రాన్ని ఇచ్చింది. అది అతని చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ గడ్డి తినదు. చిన్నప్పుడు వానలో తడిసి చచ్చిపోబోతుంటే అతనే తన దుప్పటి కప్పి బతికించాడు. ఆ గుర్రమెక్కి అతను ఎడారి దాటాడు, ఏరు దాటాడు. మొదట గంభీరంగా కూర్చున్న ధూమకేశుడు ఏరు దాటేసరికి మోకాళ్ల మీద లేచాడు.

"ఇప్పుడు నీ వంతు. మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందంటావు?"

"సొరచేప కడుపులో! దూకుతాను!" గవ్వలు వేశాడు. ఐదు వెల్లకిలా పడ్డాయి.

"దూకావు, చేప పొట్ట చీల్చావు. ప్రాణం అక్కడ లేదు."

"పాముల పుట్టలో! గుర్రంతో సహా దూసుకుపోతాను!" గవ్వలు వేశాడు. రెండే పడ్డాయి. వకుళ గొంతు తగ్గించింది. "పెద్దపాము పడగ విప్పింది. గుర్రం నీకు అడ్డం వచ్చింది. కాటు దానికి పడింది. పుట్టంతా వెతికావు, ప్రాణం అక్కడ లేదు. నీ గుర్రం నీ ఒళ్లో తలపెట్టి కన్నుమూసింది."

ధూమకేశుడు చాప మీద కూలబడ్డాడు. ఏడు వందల ఏళ్లలో ఎవరికోసమూ ఏడవనివాడు, లేని గుర్రం కోసం భోరుమన్నాడు. ఆట అంటే అదే పిల్లలూ, ఎక్కినవాడికి దిగాలని ఉండదు.

"ఇదే ఆఖరి వంతు" అంది వకుళ. "గుర్రం లేదు, కాలినడకన ఉన్నావు. ఆ దుర్మార్గుడు ప్రాణం ఎక్కడ దాచాడంటావు?"

"నాకు తెలియదనుకున్నాడా వాడు!" మాంత్రికుడు చాప మీద అరచేత్తో చరిచాడు. "మాంత్రికుల బుద్ధి నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది! పడమటి గుట్ట మీద ఎండిపోయిన బావి. బావిలో తూర్పుగోడకి ఏడో వరస. ఆ వరసలో ఆకుపచ్చ రాయి. రాయి వెనక పంజరం. అందులోనే చిలక! నా గుర్రం ఉసురు ఊరికే పోదు!"

గవ్వలు వేశాడు. ఏడుకి ఏడూ వెల్లకిలా పడ్డాయి.

"వెళ్లావు, రాయి పీకావు" అంది వకుళ నెమ్మదిగా. "చిలక లేదు. ఈ కథలో మాంత్రికుడు ప్రాణం అక్కడ దాచుకోలేదు."

"ఉండాలే! నేను అక్కడేగా..." అని ఆగిపోయాడు ధూమకేశుడు. మొహం పాలిపోయింది. చేత్తో నోరు మూసుకున్నాడు. కానీ చెప్పింది వెనక్కి తీసుకోకూడదు కదా. కిటికీ మీద గద్ద లేదు, కిటికీ కింద ఉడుమూ లేదు. ఉడుమును గోళ్లలో పట్టుకుని గద్ద ఎప్పుడో ఎగిరిపోయింది. ఉడుము బావిగోడ పట్టుకు దిగింది, ఆకుపచ్చ రాయి గోళ్లతో పెరికింది, గద్ద పంజరం ఎత్తుకొచ్చి చిత్రభాను ఒళ్లో పెట్టింది.

"మెడ విరిచెయ్యి!" అంది గద్ద. మాంత్రికుడు రెండు చేతులూ మెడకి అడ్డం పెట్టుకున్నాడు.

"ముందు మా అన్నల్ని మనుషుల్ని చెయ్యి" అన్నాడు చిత్రభాను. మాంత్రికుడు చిటికె వేశాడు. ఒడ్డున రెండు తుమ్ములు వినిపించాయి.

చిత్రభాను పంజరం తలుపు తీశాడు. చిలక మెడ పట్టుకోలేదు. "చిలకమ్మా, ఇది నీ వంతు. నువ్వేం చేస్తావో చెప్పు."

చిలక మెడ అటూ ఇటూ తిప్పి చూసింది. ఏడు వందల ఏళ్లుగా దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు మరి. "ఎగురుతాను" అంది చివరికి. ఎగిరింది. ఎగిరి, జామచెట్లున్న దిక్కుకి పోయింది. అది బందీగా ఉన్నంతకాలమే ధూమకేశుడికి మంత్రాలు. ఇప్పుడు చాప మీద మిగిలింది ఒక ముసలాయన, చిలక బతికినన్నాళ్లు బతికి, అందరిలాగే పోయే మామూలు మనిషి.

"నన్నూ ఆటకి పిలుస్తారా?" అన్నాడు ఆ ముసలాయన తలెత్తకుండానే.

"నన్ను ఎత్తుకొచ్చినందుకు మూడేళ్లు మా అమ్మకి చాపలల్లే తుంగ కోసి పెట్టు" అంది వకుళ. "అప్పుడు చూద్దాం."

అందరూ తాబేలు వీపెక్కి పొన్నగిరికి వచ్చారు. ముసలాయన కూడా మూలుగుతూ వెంట వచ్చాడు. మంగమ్మ కూతుర్ని వాటేసుకుని వదల్లేదు. రాజుగారు ముగ్గురు కొడుకుల్నీ కావలించుకుని, మూడోవాణ్ణి రెండుసార్లు కావలించుకున్నారు. గుండప్ప పీట జరిపి దారి ఇచ్చాడు. గదిలో చాప అలాగే ఉంది. చాప మీద దుమ్ము, దుమ్ములో ఏడు గవ్వలు.

"ఇంతకీ అతను నీ చెవిలో ఏం చెప్పాడే? ప్రాణం ఎక్కడ దాచానన్నాడు?" అని అడిగింది పేరిందేవమ్మ.

వకుళ గవ్వల వైపు చూపించింది. "వీటి కింద."

వంగి, వెల్లకిలా పడ్డవి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"తలుపు తెరుచుకుంది" అంది. "ఇప్పుడు నీ వంతు. ఏం చేస్తావో చెప్పు."

చిత్రభాను చాప మీద ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. "నిన్ను పెళ్లి చేసుకుంటాను."

"అందులో సగం నా వంతు. నా వంతు నువ్వు చెప్పకూడదు."

"అయితే... పెళ్లి చేసుకుంటావా అని అడుగుతాను." గవ్వల కోసం చెయ్యి చాచాడు.

వకుళ ఆ చెయ్యి పట్టుకుంది. "దీనికి గవ్వలు వెయ్యక్కర్లేదు" అంది.

పెళ్లి అయింది. ఆకాశమంత పందిరి, భూదేవంత పీట. అన్నలిద్దరూ తలా ఒక దిక్కు రాజ్యం కాపాడితే, చిత్రభాను వకుళా పొన్నగిరిని డెబ్బై ఏళ్లు ఏలారు. ఎవరు మొర పెట్టుకోవడానికి వచ్చినా, రాజూ రాణీ కింద చాప మీద కూర్చుని, నువ్వేమంటావో చెప్పు అని ముందు అడిగేవారు. మూడేళ్లు తుంగ కోసి చేతులు కాయలు కాచిన ముసలాయనకి ఐదో చోటు ఇచ్చారు. ఆయన ప్రతి ఆటలోనూ గుర్రం అడిగేవాడు, దానికి తన చేత్తోనే గడ్డి పెట్టేవాడు. జామపండ్ల కాలంలో ఒక చిలక వచ్చి కిటికీ మీద కూర్చుని ఆట చూసేది. వాళ్లు అలా ఉన్నారు, మనం ఇలా ఉన్నాం. ఏదీ, మీ ఇంట్లో చాప ఉందా? అయితే పరవండి.